వేల్స్‌లో ఇంతమంది జోన్సులు ఎందుకున్నారు? అది మన ఇంటిపేరు లాంటిదేనా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు నర్సుగా స్వాన్సీ వచ్చి నాలుగు నెలలైంది. వార్డులో పద్నాలుగు మంది ఉంటే నలుగురు జోన్స్, ఇద్దరు డేవిస్, ఇద్దరు విలియమ్స్. వీళ్లంతా చుట్టాలా? ఇది మన ఇంటిపేరు లాంటిదా, కులం పేరు లాంటిదా? ఇంకొకాయన పేరు మధ్యలో "అప్" అని ఉంది, రోస్టర్‌లో ఆయన్ని ఏ అక్షరం కింద రాయాలి, "మిస్టర్ అప్" అనొచ్చా? ఇంతేగా.

చుట్టాలు కారు. కులం అసలే కాదు. వెల్ష్ వాళ్ల ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఎప్పుడో ఒక తాతదో ముత్తాతదో సొంత పేరు, అంతే. ఒకప్పుడు అక్కడ ఇంటిపేరే ఉండేది కాదు. తండ్రి పేరే కొడుకు పేరు పక్కన చేరేది, మనవడి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మారిపోయేది. అలా తరతరానికీ మారుతూ వచ్చిన పేరు ఒక్కో ఇంట్లో ఒక్కో కాలంలో ఆగిపోయింది. ఆగిన రోజున తండ్రి పేరు జాన్ అయితే ఆ ఇల్లు జోన్స్, డేవిడ్ అయితే డేవిస్. ఊరికి పది మంది జాన్‌లుంటే ఒకరికొకరు ఏమీ కాని పది జోన్స్ కుటుంబాలు తయారయ్యాయి. మీ వార్డులో నలుగురు జోన్సుల సంగతీ అదే.

నేనేమీ ప్రొఫెసర్ని కాదు. మాది గుంటూరు జిల్లా, సౌత్ వేల్స్ వచ్చి పంతొమ్మిదేళ్లు, ఉద్యోగం ఐటీలో. పదకొండేళ్లుగా శనివారాలు మాత్రం ఇక్కడి కుటుంబ చరిత్ర సంఘంలో పాత చర్చి రిజిస్టర్లు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటాను. మొదట్లో ఇంగ్లీషు చేతిరాత చదవడం ప్రాక్టీస్ అవుతుందని వెళ్లాను, తర్వాత ఈ పేర్ల పిచ్చి పట్టుకుంది. కింద రాసేదంతా ఆ పిచ్చిలోంచి వచ్చిందే, కొంచెం పొడుగవుతుంది.

"అప్" తో మొదలుపెడదాం, తాళంచెవి అక్కడే ఉంది. వెల్ష్‌లో "మాబ్" అంటే కొడుకు. అదే అరిగి "అప్" అయింది, ముందు అచ్చు వస్తే "అబ్". కూతురైతే "వెర్ఖ్". హవెల్ కొడుకు రీస్ అయితే రీస్ అప్ హవెల్. రీస్ కొడుకు దావిద్ అయితే దావిద్ అప్ రీస్. పెద్దింటివాడైతే అక్కడితో ఆగడు, దావిద్ అప్ రీస్ అప్ హవెల్ అప్ గ్రిఫిద్ అంటూ మన పెళ్లిళ్లలో ప్రవర చెప్పినట్టు చెప్పుకుపోతాడు. 12వ శతాబ్దం చివర్లో వేల్స్ గురించి రాసిన జెరాల్డ్ అనే చర్చి పండితుడు, ఇక్కడ మామూలు జనం కూడా ఆరేడు తరాల తాతల పేర్లు నోటికి చెప్తారని రాశాడు.

ఇది గొప్పల కోసం మాత్రమే అనుకోకండి, వెనక ఆస్తి ఉంది. పదో శతాబ్దపు రాజు హవెల్ ద్దా పేరుమీద నడిచిన పాత వెల్ష్ న్యాయంలో తండ్రి భూమి కొడుకులందరికీ సమానంగా పంచేవాళ్లు. ఫలానా పూర్వీకుడి సంతతి అని చూపించగలిగితేనే ఆ భూమిలో వాటా. హత్య జరిగితే కట్టాల్సిన పరిహారంలో కూడా దూరపు దాయాదుల దాకా తలా ఇంత భరించాలి. అంటే ఆ "అప్ అప్ అప్" గొలుసు వాళ్లకి పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. అది మర్చిపోతే నష్టం.

మరి ఎందుకు ఆగింది? చాలామంది "ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చట్టం చేసి ఇంటిపేర్లు పెట్టించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది సరికాదు. 1536లో, తర్వాత 1543లో వచ్చిన చట్టాలు వేల్స్‌ని ఇంగ్లండ్‌లో కలిపేశాయి. కోర్టుల్లో, ఆఫీసుల్లో ఇంగ్లీషే ఉండాలన్నాయి, కొడుకులందరికీ పంచే పాత పద్ధతి తీసేసి పెద్దకొడుక్కే భూమి అన్నాయి. ఇంటిపేరు పెట్టుకోమని మాత్రం వాటిలో ఎక్కడా లేదు. కానీ చూడండి, భూమి పెద్దకొడుక్కే అన్నాక గొలుసు గుర్తుపెట్టుకోవాల్సిన పని తప్పింది, కోర్టులో ఇంగ్లీషు గుమాస్తా కూర్చున్నాక ఆ గొలుసు రాసే ఓపిక అతనికి లేదు. రెండు వైపుల నుంచీ ఒకేసారి పట్టు సడలింది.

దీనిమీద ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. హెన్రీ తరఫున వేల్స్ వ్యవహారాలు చూసిన రోలండ్ లీ అనే బిషప్ కోర్టులో కూర్చుంటే జ్యూరీ పేర్లు పిలుస్తున్నారట. థామస్ అప్ రిచర్డ్ అప్ హవెల్ అప్ యేయన్ వఖన్... వింటూ వింటూ విసుగొచ్చి, ఈ పొడుగు పేర్లు కట్టిపెట్టి ఆఖరి పేరో ఉన్న ఊరిపేరో ఒకటి పెట్టుకోండి అన్నాడట. ఆ థామస్ ఉండేది ఫ్లింట్‌షైర్‌లో మోస్టిన్ అనే చోట, ఆయన థామస్ మోస్టిన్ అయ్యాడు. విసుగు సంగతి ఎంత నిజమో గానీ మోస్టిన్ వంశం మాత్రం నిజమే.

ఇందులో నాకు భలే నచ్చే విషయం ఇంకోటుంది. ఆ హెన్రీ ఇంటిపేరు ట్యూడర్ కూడా ఇలాగే గుమాస్తాల చేతిలో ఆగిపోయిన పేరే. వాళ్ల మూలపురుషుడు ఆంగ్లెసీ ద్వీపం వాడు, పూర్తి పేరు ఓవెన్ అప్ మరెదిద్ అప్ ట్యూడర్. ఇంగ్లండ్ వెళ్లాక తండ్రి పేరు బదులు తాత పేరు అంటుకుని ఓవెన్ ట్యూడర్ అయ్యాడు. ఆయన మనవడే 1485లో రాజైన ఏడో హెన్రీ. తండ్రి పేరే నిలిచి ఉంటే మనం స్కూల్లో ట్యూడర్ల బదులు మెరెడిత్ వంశం అని చదువుకునేవాళ్లం.

సరే, ఆగిన పేర్లు రెండు రకాలుగా గడ్డకట్టాయి. ఒకటి, "అప్" లోని పకారమో "అబ్" లోని బకారమో పేరుకి అతుక్కుపోవడం. అప్ హవెల్ పవెల్ అయింది. అప్ రీస్ ప్రైస్ అయింది (ధరకీ దానికీ సంబంధం లేదు). అప్ రిచర్డ్ ప్రిచర్డ్, అప్ రాబర్ట్ ప్రాబర్ట్, అప్ హ్యూ ప్యూ, అప్ హ్యారీ ప్యారీ, అప్ రోసర్ ప్రోసర్. అచ్చు వైపు చూస్తే అబ్ ఓవెన్ బోవెన్, అబ్ ఎవాన్ బెవాన్, అబ్ ఎల్లిస్ బెల్లిస్. మీరు పనిచేస్తున్న ఎన్‌హెచ్ఎస్‌ని, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవని, 1948లో మొదలుపెట్టిన మంత్రి అన్యూరిన్ బెవాన్, ట్రెడెగార్ గనికార్మికుల ఇంటివాడు. ఆయన ఇంటిపేరుకి అర్థం ఎవాన్ కొడుకు. పాత తరం తెలుగు డాక్టర్లు ఎందరో వచ్చి పనిచేసిన బొగ్గు లోయలు ఇవే కదా, మీ పే స్లిప్ కూడా ఒక "అబ్" పుణ్యమే అనుకోవచ్చు.

రెండోది, ఇంగ్లీషు పద్ధతిలో చివర "స్" తగిలించడం. విలియం కొడుకు విలియమ్స్, హ్యూ కొడుకు హ్యూస్, రాబర్ట్ కొడుకు రాబర్ట్స్, ఎవాన్ కొడుకు ఎవాన్స్. ఇంగ్లండ్ సరిహద్దు జిల్లాల్లో, బ్రెకాన్, రాడ్నర్ వైపు, పేర్లు ముందే ఆగిపోయాయి కాబట్టి అక్కడ పవెల్‌లు, ప్రైస్‌లు ఎక్కువ. పడమటికి వెళ్లే కొద్దీ, ఆలస్యంగా ఆగిన చోట్ల, "స్" పేర్లు ఎక్కువ. కొన్ని పేర్లకి ఏదీ తగల్లేదు, మోర్గన్, ఓవెన్, ల్లెవెలిన్, థామస్ అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు అసలు జోన్స్ దగ్గరికొద్దాం. తెలుగు బైబిల్లో యోహాను అని చదువుతాం కదా, ఆ పేరే. అది వెల్ష్‌లోకి మొదట యేయన్ గా వచ్చింది, అరిగి ఈవాన్ అయింది, మళ్లీ ఇంగ్లీషు జాన్‌ని చూసి షోన్ అయింది, బైబిల్లో యోఆన్ అన్నారు. ఈ ఒక్క పేరులోంచి జోన్స్ వచ్చింది, ఎవాన్స్ వచ్చింది, బెవాన్ వచ్చింది, "చిన్న జాన్" అనే ముద్దుపేరు నుంచి జెంకిన్స్ వచ్చింది, రగ్బీ ఆటగాడు బ్యారీ జాన్ ఇంటిపేరులా ఉత్త జాన్ కూడా ఉంది. తమాషా ఏంటంటే జోన్స్ మొదట్లో ఉన్న ఆ "జ" అక్షరం సంప్రదాయ వెల్ష్ వర్ణమాలలోనే లేదు. వేల్స్‌లో వందలో అయిదారుగురికి ఉన్న ఇంటిపేరు, వాళ్ల సొంత భాషలో లేని అక్షరంతో మొదలవుతుంది! 2006 నవంబర్‌లో కార్డిఫ్‌లోని మిలీనియం సెంటర్‌లో 1,224 మంది జోన్సులు ఒకచోట చేరి ప్రపంచ రికార్డు పెట్టారు.

మరి వందల రకాల పేర్లు ఉండాల్సింది, ఇన్ని తక్కువ ఎందుకు? ఇక్కడ టైమింగ్ ముఖ్యం. వెల్ష్ వాళ్లకి మొదట బోలెడు పేర్లుండేవి, మడోగ్, ఇయోర్వెర్థ్, గొరొన్వి, ఎద్నివెద్, కద్వగన్ అంటూ. నార్మన్లు వచ్చాక, తర్వాత 1282–83లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దేశాన్ని గెలిచాక, మెల్లగా చర్చి సాధువుల పేర్లు, ఇంగ్లీషు రాజుల పేర్లు పెరిగాయి. 16, 17 శతాబ్దాలకి ఊళ్లో మగపిల్లలకి పెట్టేవి జాన్, విలియం, డేవిడ్, థామస్, ఎవాన్, హ్యూ, రాబర్ట్... ఇలా ఓ పాతిక పేర్లు. సరిగ్గా అప్పుడే ఇంటిపేర్లు గడ్డకట్టడం మొదలైంది. ఇంటిపేర్లు తక్కువ కావడానికి కారణం అప్పటికి పిల్లల పేర్లు తక్కువైపోవడం. ఇదే పని రెండు మూడొందల ఏళ్ల ముందు జరిగుంటే మీ వార్డులో నలుగురు జోన్సుల బదులు ఒక మడోగ్, ఒక గొరొన్వి ఉండేవాళ్లేమో.

పాత పేర్లు పూర్తిగా పోలేదులెండి, కొన్ని వేషం మార్చుకుని ఉన్నాయి. ఐనియన్ అనే పాత పేరు ఒకచోట "అబ్" తో కలిసి బెయ్నన్ అయింది, ఇంకోచోట ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడిందో ఏమో ఆనియన్స్ అయింది. నిజంగానే ఉల్లిపాయల స్పెల్లింగే. సెయ్సిల్ట్ అనే పేరు సెసిల్ అయింది, మొదటి ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ వంశం ఆ సరిహద్దు వెల్ష్ కుటుంబమే. ఆలివర్ క్రామ్‌వెల్ కూడా అసలు విలియమ్స్. గ్లామోర్గన్ నుంచి వెళ్లిన మోర్గన్ విలియమ్స్ అనే ఆయన, ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ అక్కచెల్లెళ్లలో ఒకామెను చేసుకున్నాడు, వాళ్ల కొడుకు పలుకుబడి ఉన్న మేనమామ ఇంటిపేరు పెట్టుకున్నాడు. మేనమామ పలుకుబడి అంటే మనకి వేరే చెప్పాలా!

తండ్రి పేరు కాకుండా వచ్చిన పేర్లలో నాకిష్టమైనవి మనిషి రూపం బట్టి వచ్చినవి. ఇక్కడ మన తెలుగు వాళ్లకి ఒక సులువుంది. వెల్ష్‌లో మాట మొదటి అక్షరం ముందున్న మాటని బట్టి మారుతుంది, ఇంగ్లీషు వాళ్లు దీనికి తల పట్టుకుంటారు. మనం "అన్న, తమ్ముడు" కలిపితే అన్నదమ్ములు అంటాం, "కూర, కాయ" కలిపితే కూరగాయ అంటాం. స్కూల్లో గసడదవాదేశం అని బట్టీ పట్టించారే, అచ్చం అలాంటిదే. "కోఖ్" అంటే ఎరుపు, మనిషి పేరు తర్వాత వస్తే "గోఖ్" అవుతుంది, కాయ గాయ అయినట్టు. ఎర్రజుట్టు వాడికి పెట్టిన ఆ పేరు ఇప్పుడు గాఫ్ అనే ఇంటిపేరు. "బఖన్" అంటే చిన్నవాడు, పేరు తర్వాత "వఖన్", అదే ఇవాళ్టి వాన్. తండ్రీ కొడుకులిద్దరికీ ఒకే పేరుంటే కొడుకుని అలా పిలిచేవాళ్లు, మన ఊళ్లలో చిన్న వెంకటేశ్వర్లు అన్నట్టు. "గ్విన్" అంటే తెలుపు, గకారం పోయి విన్. "ల్లుయిడ్" అంటే బూడిద రంగు, అది లాయిడ్. ఆ మొదటి "ల్ల" శబ్దం పలకలేక కొందరు ఇంగ్లీషు వాళ్లు ఫ్లాయిడ్ అన్నారు. మెల్లకన్ను వాడిని "గమ్" అనేవాళ్లు, 1415లో ఫ్రాన్స్‌లో అజిన్‌కోర్ట్ యుద్ధంలో చనిపోయిన దావిద్ గమ్ అలాంటివాడే, ఆయన సంతతి గేమ్స్ అని ఇంటిపేరు పెట్టుకున్నారు. అన్నిటికన్నా చమత్కారం సేస్. అంటే ఇంగ్లీషువాడు. నిజంగా ఇంగ్లీషువాడు కానక్కర్లేదు, ఇంగ్లీషు వచ్చినవాడైనా, ఇంగ్లండ్ వెళ్లొచ్చినవాడైనా చాలు. మన దగ్గర దుబాయ్ వెళ్లొచ్చినవాడు జీవితాంతం దుబాయ్ శీనే కదా.

ఊరి పేర్లు మన దగ్గర ఇంటిపేర్లలో పెద్ద వాటా, వేల్స్‌లో చాలా తక్కువ. మోస్టిన్, పెన్నాంట్, నానీ లాంటివి ఎస్టేట్లున్న జమీందార్లవి. వృత్తి పేర్లు ఇంకా తక్కువ.

ఈ పేర్లు ఆగడానికి దాదాపు మూడొందల ఏళ్లు పట్టింది, అందరికీ ఒకేసారి ఆగలేదు. జమీందార్లు 16వ శతాబ్దంలోనే ఇంటిపేరు పెట్టుకున్నారు, పట్నాల వాళ్లు ఆ తర్వాత, ఉత్తర, పశ్చిమ కొండల్లో చిన్న రైతులు కొందరు 19వ శతాబ్దం మొదట్లో కూడా పాత పద్ధతిలోనే ఉన్నారు. వాళ్లని ఆపింది రాజు చట్టం కన్నా ఎక్కువ అచ్చు ఫారాలు అని నా అభిప్రాయం. 1813 నుంచి చర్చి రిజిస్టర్లు అచ్చు ఫారాలుగా మారాయి, తల్లిదండ్రుల ఇంటిపేరుకి అందులో విడిగా ఒక గడి ఉంటుంది. గడి ఉంటే ఏదో ఒకటి నింపాలి. 1837 జులై 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. పాస్‌పోర్ట్ ఫారంలో సర్‌నేమ్ గడి చూసి మనవాళ్లెంతమంది తలలు గోక్కున్నారో గుర్తుచేసుకోండి, నాన్న పేరు పెట్టాలా, ఇంటిపేరు పెట్టాలా, ఖాళీ వదిలేయాలా అని. ఇక్కడ రైతులకీ అదే టెన్షన్.

ఒక్క కుటుంబంలో ఇది ఎలా జరిగేదో చూడాలంటే మనకి బాగా తెలిసిన మనిషే ఉన్నాడు. లెక్కల్లో "పై" గుర్తుని ఇవాళ వాడే అర్థంలో 1706లో మొదట వాడిన విలియం జోన్స్ ఆంగ్లెసీ రైతు కొడుకు. వాళ్ల నాన్న పేరు షోన్ షోర్, అంటే జార్జ్ కొడుకు జాన్. ఆయన కొడుకు కాబట్టి పాత లెక్క ప్రకారం విలియం జోన్స్ అయ్యాడు. ఆయన లండన్‌లో స్థిరపడటంతో పేరు అక్కడ ఆగింది, కొడుక్కి కూడా జోన్సే వచ్చింది. ఆ కొడుకే 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పెట్టిన సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్. కుటుంబం ఆంగ్లెసీలోనే ఉండి పాత పద్ధతే నడిచుంటే ఆయన విలియం విలియమ్స్ అయ్యేవాడు.

ఇక నా అనుభవాలు. మా సంఘానికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ వాళ్ల పూర్వీకుడి బాప్తిస్మం వెతుకుతోంది. పేర్లు మార్చి చెప్తున్నాను. ఆయన 1841 జనాభా లెక్కల్లో డేవిడ్ ఎవాన్స్. ఆమె ఆరేళ్లుగా డేవిడ్ ఎవాన్స్ అని పుట్టిన పిల్లాడి కోసం రిజిస్టర్లన్నీ తిరగేసింది, దొరకలేదు. దొరకదు మరి. రిజిస్టర్‌లో ఉన్నది "ఎవాన్ మోర్గన్ కొడుకు డేవిడ్" అని. తండ్రి ఇంటిపేరు మోర్గన్ అనుకుని ఆమె ఆ వరస దాటేసింది. మోర్గన్ అనేది తాత పేరు, ఎవాన్ అనేది తండ్రి పేరు, కొడుకు డేవిడ్ ఎవాన్స్. పొలం పేరు రెండు చోట్లా ఒకటే కావడంతో ఖాయం చేసుకున్నాం. ఆ డేవిడ్ తమ్ముడొకడు మెర్థర్ టిడ్విల్ ఇనుము ఫ్యాక్టరీలకి పనికెళ్లి అక్కడ మోర్గన్ అనే రాయించుకున్నాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు, ఒకరి పిల్లలు ఎవాన్స్, ఇంకొకరి పిల్లలు మోర్గన్. ఒకే ఇంటిపేరుంటే బంధువులని ఎలా చెప్పలేమో, వేరే ఇంటిపేరుంటే బంధువులు కాదని కూడా అలాగే చెప్పలేం. మన ఇంటిపేరుతో పోల్చొద్దని నేననేది ఇందుకే. మన దగ్గర ఒకే కులంలో ఒకే ఇంటిపేరు అంటే పెళ్లి సంబంధం అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ జోన్స్ అమ్మాయి జోన్స్ అబ్బాయిని చేసుకుంటుంది, ఎవరూ కన్నెత్తి చూడరు.

నేను తప్పులో కాలేసిన సందర్భం కూడా చెప్తాను. ఒకాయన కోసం జాన్ జోన్స్ ఒకణ్ణి పట్టుకుని వంశవృక్షం వెనక్కి నాలుగు తరాలు గీసిచ్చాను. ఆయన అది ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు కూడా. మూడు నెలల తర్వాత 1851 లెక్కలు చూస్తే పుట్టిన ఊరు వేరు. నేను పట్టుకున్నది పక్క పారిష్ (అంటే ఇంకో చర్చి పరిధి) జాన్ జోన్స్‌ని. ఫోన్ చేసి చెప్పడానికి నాలుగు రోజులు ధైర్యం చాల్లేదు. అప్పట్నుంచీ పొలం పేరు, లేదా వృత్తి, లేదా సాక్షి సంతకం, ఏదో ఒక రెండో ఆధారం లేకుండా ఏ జాన్ జోన్స్‌నీ నమ్మడం మానేశాను. 1853 నాటి రిజిస్ట్రార్ జనరల్ నివేదికలోనే, వేల్స్‌లో జాన్ జోన్స్ అంటే మారుపేరుతో తిరిగినట్టే, సంతలో నిలబడి ఆ పేరు కేకేసినా ఎవర్నీ పిలిచినట్టు కాదు అన్న అర్థంలో రాశారు. నాకప్పుడు తెలియదు.

ఆడవాళ్ల సంగతి కాస్త నయం. వెల్ష్ స్త్రీ పెళ్లయ్యాక కూడా తండ్రి పేరుతోనే ఉండేది, గ్వెన్ వెర్ఖ్ దావిద్ పెళ్లి చేసుకున్నా గ్వెన్ వెర్ఖ్ దావిదే, భర్త ఎవరైతే ఆమెకేం. భర్త ఇంటిపేరు పెట్టుకోవడం ఇంగ్లీషు అలవాటు, పల్లెల్లో అది చాలా ఆలస్యంగా వచ్చింది. 18వ శతాబ్దపు వీలునామాల్లో, సమాధి రాళ్ల మీద భార్య పుట్టింటి పేరే కనిపిస్తుంది. వెతికేవాళ్లకి అదో వరం. 1858కి ముందు వెల్ష్ చర్చి కోర్టుల్లో నమోదైన వీలునామాలు అబెరిస్టుయిత్‌లోని నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఆసక్తి ఉంటే ఓ ఆదివారం కూర్చోండి.

ఒకటి మాత్రం కొనకండి. టూరిస్టు షాపుల్లో "జోన్స్ వంశ చిహ్నం" అని కప్పులు, కీచైన్లు అమ్ముతారు. పైన చెప్పిందంతా చదివాక మీకే తెలుస్తుంది, జోన్స్ అనే ఒక వంశమే లేదు, ఇక చిహ్నం ఎక్కడిది.

ఇంతమంది ఒకే పేరువాళ్లు కలిసి ఎలా బతుకుతున్నారంటే, మనలాగే. పాల సుబ్బయ్య, పోస్టు రామారావు ఉన్నట్టు ఇక్కడ జోన్స్ ద మిల్క్, ఎవాన్స్ ద పోస్ట్. శవపేటికలు చేసేవాడు ఎవాన్స్ ద డెత్. ముందు ఒకటే పన్ను మిగిలిన డై అనే వాడిని డై సెంట్రల్ ఈటింగ్ అనేవారట (సెంట్రల్ హీటింగ్ మీద శ్లేష), బొగ్గు లోయల్లో ఈ జోకు చెప్పని ముసలాయన లేడు. పల్లెల్లో అయితే పొలం పేరుతోనే పిలుస్తారు. సైన్యంలో నంబర్లు వాడారు. 1879లో దక్షిణాఫ్రికాలో రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర జూలూలతో జరిగిన పోరులో ఆస్పత్రి గదిలో రోగుల్ని కాపాడి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న ఇద్దరు సిపాయిలూ జోన్సులే, 593 విలియం జోన్స్, 716 రాబర్ట్ జోన్స్. రగ్బీలో 1970ల జట్టులో ఇద్దరు జాన్ విలియమ్స్‌లు ఉండటంతో ఒకాయన జేపీఆర్, ఇంకొకాయన జేజే అయ్యారు. గాయకుడు బ్రిన్ టెర్వెల్ అసలు బ్రిన్ టెర్వెల్ జోన్స్, చివరి ముక్క వదిలేశాడు. అందుకు పూర్తి వ్యతిరేకం టామ్ జోన్స్, అసలు ఇంటిపేరు వుడ్‌వర్డ్, జోన్స్ అమ్మ వైపు పేరు. కొందరు రెండు పేర్లు కలుపుకున్నారు, ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్ తండ్రి ఇంటిపేరు జార్జ్, పెంచిన మేనమామ ఇంటిపేరు లాయిడ్. మళ్లీ మేనమామే!

ఇక మీ "అప్" గారి దగ్గరికి. 20వ శతాబ్దంలో వెల్ష్ భాషాభిమానం పెరిగాక కొందరు ఇంగ్లీషు గుమాస్తాలు పెట్టిన పేరు మాకెందుకని పాత పద్ధతికి తిరిగొచ్చారు. వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ నాయకుడు రిన్ అప్ ఇయోర్వెర్థ్ తండ్రి ఎడ్వర్డ్ మోరిస్ జోన్స్. ఎడ్వర్డ్‌కి వెల్ష్‌లో సాటిగా వాడే పేరు ఇయోర్వెర్థ్, అందుకే ఇయోర్వెర్థ్ కొడుకు రిన్. మీ సహోద్యోగిది కూడా అలాంటి ఇల్లే అయ్యుంటుంది, వాళ్ల నాన్న రికార్డుల్లో జోన్స్‌గానో ఎవాన్స్‌గానో ఉన్నా ఆశ్చర్యపోకండి.

"మిస్టర్ అప్" అనొద్దు, అది "మిస్టర్ కొడుకు" అన్నట్టుంటుంది. "అప్" తో కలిపి వెనకున్నదంతా ఒకే ముక్క, మిస్టర్ అప్ ఫలానా అనాలి, వార్డులో ఎలాగూ మొదటి పేరుతోనే పిలుస్తారు కాబట్టి ఆ ఇబ్బంది రాదు. రోస్టర్ మీ సిస్టమ్ ఎలా తీసుకుంటే అలా వస్తుంది. మా దగ్గర పాత రికార్డుల సూచికల్లో ఇలాంటివాళ్లని మొదటి పేరు కింద వేస్తాం, ఇప్పటివాళ్లని "అప్" కింద వేస్తాం. అయినా ఆయన్నే అడిగేయండి, బాధపడరు. ఇంకోటి, డేవిస్ అని పలికే పేరుని ఇక్కడ ఎక్కువమంది చివర్లో "ఐ ఈ ఎస్" తో రాస్తారు, కొందరు "ఐ ఎస్" తో రాస్తారు, పలకడం మాత్రం రెండూ ఒకటే. మందుల చార్టు మీద రాసేటప్పుడు పేరుతో పాటు పుట్టినతేదీ చూడకుండా ఏ డేవిస్‌కీ, ఏ జోన్స్‌కీ మాత్ర ఇవ్వకండి.

సరిచేసిన ఆ వంశవృక్షం ఆయనింకా ఫ్రేము కట్టించుకోలేదు, ఈసారి నేనే కట్టిస్తానన్నాను.